టికెట్టు వద్దు, పాడైన ఫ్యాన్ తీసుకురండి

ప్రశ్న: మేముండే చోట దాదాపు రెండు వందల కుటుంబాలున్నాయి. పర్యావరణానికి హాని తక్కువగా ఉండేలా ఇల్లు నడుపుకోవడం ఎలాగో అందరికీ తెలియాలని, పోయినేడాది ఒక ఆదివారం 'కుటుంబాల రోజు' పెట్టాం. ప్రవేశం ఉచితం. మూడొందల మందికి పైగా వచ్చారు. రెండు ఉపన్యాసాలు, పిల్లలకు బొమ్మల పోటీ, నినాదాల పోటీ, భోజనాలు. అందరూ బాగుందన్నారు. సాయంత్రం నేనూ మావారూ ఇంకో ముగ్గురూ కలిసి వాడి పారేసిన ప్లేట్లు, గ్లాసులు, నీళ్ళ సీసాలు ఏరితే పదకొండు సంచులైంది. ఆ తర్వాత ఎవరింట్లోనూ ఏమీ మారలేదు, మా ఇంట్లో కూడా. ఈసారి మళ్ళీ చేద్దామంటే మా సంఘంలో పెద్దాయన ఒకరు "ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారు, రుసుము పెట్టండి, అప్పుడే విలువ" అంటున్నారు. ఆయన రిటైరయ్యారు, పాత రేడియోలు బాగుచేస్తూ కాలక్షేపం చేస్తారు. ఇంకోవైపు ఒక కంపెనీ వాళ్ళు ఖర్చంతా పెట్టుకుంటాం, గుడ్డ సంచులూ మొక్కలూ పంచుతాం అంటున్నారు. చేతిలో మూడు నెలలుంది. డబ్బు పెద్దగా లేదు. ఉచితంగానే పెట్టాలా? ఏం పెడితే ఉపయోగం? ఏ తేదీన పెట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట 'మా ఇంట్లో కూడా' అన్నది. ఇలాంటి కార్యక్రమాలు నడిపేవాళ్ళు సాధారణంగా ఆ ముక్క మింగేస్తారు. మీరు రాసేశారు కాబట్టి నేనూ మొహమాటం లేకుండా రాస్తాను.

ఆ పదకొండు సంచుల గురించి మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. నాకైతే పోయినేడాది మీ రోజులో అందరికీ చూపించాల్సింది అదొక్కటే అనిపించింది. ఉపన్యాసం విన్నవాళ్ళెవరూ వాటిని చూడలేదు. చూసిన అయిదుగురూ ఇప్పటికీ మర్చిపోలేదు. ఎందుకంటే ఆ చెత్త మీ చేతుల్లోంచి వెళ్ళింది. మిగతా మూడొందల మందికీ ఆ రోజు చెవులతోనూ నోటితోనూ తప్ప చేతులతో పని పడలేదు. వచ్చారు, విన్నారు, తిన్నారు, వెళ్ళారు. మారకపోవడంలో వింతేముంది?

అందుకే మీ పెద్దాయన మాటలో సగం నిజముంది. ఊరికే వచ్చినదానికి విలువ తక్కువే. కానీ దానికి మందు రుసుము కాదు. రుసుము పెడితే ఎవరు వస్తారు? ఇప్పటికే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసేవాళ్ళు, ఇంట్లో కంపోస్టు డబ్బా ఉన్నవాళ్ళు, మీ స్నేహితులు. మనిషికింత అంటే నలుగురున్న ఇంటికి నాలుగింతలు. 'ఏమిటో చెత్త గురించట' అని సగం మనసుతో ఉన్న ఇల్లు ఆ మాటతో ఆగిపోతుంది. మీకు కావలసింది సరిగ్గా ఆ ఇల్లే. కాబట్టి డబ్బు వద్దు. ప్రవేశం ఉచితంగానే ఉంచండి. దానికి బదులు ప్రతి ఇంటినీ ఒక వస్తువు తెమ్మనండి. తిరగని ఫ్యాన్, ఊడిన జిప్పు, పిల్లలకు పొట్టైపోయిన బట్టలు, పోయిన నెల కరెంటు బిల్లు, ఒక రోజు పొడి చెత్త, వీటిలో ఏదైనా సరే. ఏమీ లేకపోతే తమ కంచం, తమ గ్లాసు. ఆహ్వానంలో 'ప్రవేశం ఉచితం' అన్న అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నాయో 'ఇంటినుంచి ఒకటి తీసుకురండి' అన్నవీ అంతే పెద్దగా ఉండాలి. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళను వెనక్కి పంపమనడం లేదు. వాళ్ళకు గిన్నెలు కడిగే చోట ఒక అరగంట పని ఇవ్వండి.

తెచ్చిన వస్తువు ఉంటే మనిషి దాని చుట్టూ తిరుగుతాడు. అది బాగయ్యేదాకా వెళ్ళిపోడు. అది బాగైతే ఇంటికెళ్ళి చూపిస్తాడు.

ఇక ఏం పెట్టాలన్నది. పది రకాల బల్లలు పెట్టొద్దు. మూడు చాలు, నాలుగైతే మీకు మనుషులు సరిపోరు. నన్నడిగితే మొదటిది మరమ్మతుల బల్ల, ఇంకేం పెట్టినా పెట్టకపోయినా ఇది మాత్రం పెట్టండి.

ఇది కొత్త ఊహ కాదు. మార్టీన్ పోస్ట్‌మా అనే డచ్ పాత్రికేయురాలు 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి బల్ల మొదటిసారి వేశారు. రిపేర్ కెఫే అని పేరు పెట్టారు. పాడైన వస్తువు తెచ్చుకోండి, బాగుచేయడం వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని సాయం చేస్తారు, డబ్బు తీసుకోరు, అంతే. ఇవాళ ప్రపంచమంతటా రెండు వేలకు పైగా చోట్ల అది నడుస్తోంది. అంతగా పాకడానికి కారణం పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే అని నేననుకోను. చచ్చిందనుకున్న వస్తువు కళ్ళముందు తిరగడం మొదలైతే మనిషి మొహంలో వచ్చే వెలుగు ఉంటుందే, అది. ఉపన్యాసానికి ఆ వెలుగు రాగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ బల్లకు ఒకే ఒక్క కట్టుబాటు. వస్తువు ఇచ్చేసి వెళ్ళిపోయి తర్వాత వచ్చి తీసుకోవడం కుదరదు. తెచ్చినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, స్క్రూ వాళ్ళే విప్పాలి, టార్చి వాళ్ళే పట్టుకోవాలి. లేకపోతే అది ఉచిత సర్వీసు సెంటరు అవుతుంది, సాయంత్రానికి మీ మెకానిక్కులు విసుగెత్తి లేచిపోతారు. మీ చుట్టుపక్కల ఇలాంటి పని వచ్చినవాళ్ళు మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. కుట్టుమిషన్ ఉన్న ఇల్లాలు, చిరుగు కనపడకుండా రఫ్ఫు చేయగల బామ్మ, సైకిలు పంక్చరు వేయగల కుర్రాడు, వైరింగు తెలిసిన మనిషి. ఈ పనులకు సన్మానం ఎవరూ చేయరు కాబట్టి, పిలిస్తే సంతోషంగా వస్తారు.

వచ్చే వస్తువుల్లో చాలావాటికి జబ్బు చిన్నదే. ప్లగ్గు మొదట్లో వైరు లోపల తెగి ఉంటుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు దాని కెపాసిటరు బలహీనపడిందని. మిక్సీ ఆగిందంటే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, లేదా బరువు ఎక్కువై అడుగున ఉన్న ఓవర్‌లోడ్ బటను ఎగిరి ఉండొచ్చు. ఆ బటను ఒకటుందని తెలియక కొత్త మిక్సీ కొన్న ఇల్లు నాకు తెలుసు. ఎవరిదో చెప్పను, మా ఇంట్లోవాళ్ళు ఇది చదువుతారు.

విద్యుత్తుతో ఆట మాత్రం వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ విప్పకండి. ప్లగ్గు తీసేసినా దాని లోపలి కెపాసిటరులో ప్రాణం తీయగల విద్యుత్తు మిగిలి ఉంటుంది. వెనక పెద్ద గొట్టం ఉండే పాత టీవీలూ అంతే. ఫోను బ్యాటరీ ఉబ్బి ఉంటే ముట్టుకోకుండా, పిల్లలకు దూరంగా పక్కన పెట్టించండి, గుచ్చుకుంటే మండుతుంది. వైర్లు తెలిసిన పెద్దమనిషి ఒకరు లేకుండా ఆ బల్ల తెరవొద్దు, బాగుచేసిన ప్రతి వస్తువునూ ఆయనే పరీక్షించి ఇవ్వాలి. ఆయన దొరక్కపోతే బట్టలు, సైకిళ్ళు, చెక్క బొమ్మలు, పుస్తకాల బైండింగు చాలు, తక్కువేం కాదు.

పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏం వచ్చింది, ఏమైంది, బాగు కాకపోతే ఎందుకు కాలేదు. ఈ మూడో గడి ముఖ్యం. స్క్రూలు లేకుండా జిగురుతో అతికించేశారు, విడిభాగం దొరకదు, విప్పితే విరిగేలా చేశారు అని రాసుకుంటూ పోతే, సాయంత్రానికి ఆ పేజీ చూసినవాళ్ళు ఇంకోసారి వస్తువు కొనేటప్పుడు ముందు తిరగేసి స్క్రూలున్నాయా అని చూస్తారు. బాగు కాని వస్తువు కూడా ఊరికే పోదన్నమాట.

రెండోది ఇచ్చిపుచ్చుకోవడం. పిల్లల బట్టలు, బూట్లు, బొమ్మలు, కథల పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, 'ఒకటిస్తే ఒకటి' అని లెక్క పెట్టడం. లెక్క పెడితే గొడవ మొదలవుతుంది, నాది కొత్తది నీది పాతది అని. తెచ్చినవి బల్ల మీద పెట్టాలి, కావలసినవి తీసుకోవాలి, అంతే. ఇచ్చినవాళ్ళ పేర్లు రాయకండి. తీసుకునేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది, మర్నాడు తమ పిల్లాడి చొక్కా ఎదురింటి పిల్లాడి మీద కనిపిస్తే ఇచ్చినవాళ్ళకూ ఉంటుంది. బట్టలు కుప్పగా పోస్తే సంతలా అవుతుంది. వయసుల వారీగా తీగ మీద వేలాడదీయండి. ఉతికినవీ చిరగనివీ మాత్రమే అని ముందే చెప్పండి, చిరిగినవాటికి మరమ్మతుల బల్ల ఉంది కదా. చివర్లో మిగిలినవి ఎక్కడికి వెళ్ళాలో ఏర్పాట్లు మొదలెట్టిన రోజే తేల్చుకోండి. చాలామంది ఇది మర్చిపోతారు, తర్వాత ఆ మూటలు ఎవరో ఒకరి వరండాలో ఏడాదిపాటు ఉంటాయి. తెచ్చినవాళ్ళే పోయేటప్పుడు తమ మిగులు తీసుకెళ్ళాలన్న పద్ధతి అన్నిటికంటే సులువు.

మూడోది తడి చెత్త. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే ఇంటి చెత్తలో నిజంగా బరువైన భాగం ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా దుకాణాల్లోనూ భోజనశాలల్లోనూ ఇళ్ళల్లోనూ వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో ఇళ్ళ వాటానే దాదాపు 60 శాతం. హోటళ్ళనో పెళ్ళిళ్ళనో తిట్టుకుంటాం గానీ, ఎక్కువ భాగం మన వంటింట్లోంచే పోతోంది. అది చెత్తగుట్టలో గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గాలి తగిలేలా ఇంట్లో కుళ్ళబెడితే ఆ మీథేన్ దాదాపు పుట్టదు, ఎరువు చేతికొస్తుంది. కుళ్ళడం రెండుచోట్లా ఒకటే, తేడా అంతా గాలిలో ఉంది. పిల్లలకు ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలు.

కంపోస్టు ఎలా చేయాలో బొమ్మలతో చూపించే అట్టముక్కలు పెట్టకండి. డబ్బాలు పెట్టండి. మీకు మూడు నెలలుంది కాబట్టి ఇవాళే ఒక బకెట్టుకు కన్నాలు పెట్టి మొదలెట్టండి. నెలన్నర పోయాక రెండోది, కార్యక్రమానికి రెండు వారాల ముందు మూడోది, ఆ రోజు పొద్దున నాలుగోది. నాలుగూ వరసగా పెట్టి మూతలు తీసి చూడనివ్వండి, చేతులు పెట్టనివ్వండి, వాసన చూడనివ్వండి. మొదటి బకెట్టులో మట్టి వాసన తప్ప ఏమీ రాకపోవడం చూశాక 'కంపు కొడుతుందేమో' అన్న ఒక్క భయం పోతుంది. ఇళ్ళు కంపోస్టు మొదలెట్టకపోవడానికి అసలు కారణం ఆ భయమే. కిటుకు చెప్పడం మర్చిపోకండి. వంటింటి చెత్త ఒక వంతైతే ఎండుటాకులో చింపిన అట్టముక్కలో రెండు మూడు వంతులు. కంపు వస్తోందంటే తడి ఎక్కువైందని, గాలి ఆడటం లేదని. ఎండుటాకులు ఇంకా వేసి కలిపితే సర్దుకుంటుంది. కదలిక లేకుండా అలాగే ఉందంటే బాగా ఎండిపోయిందని, కాసిని నీళ్ళు చిలకరించాలి. పోయేటప్పుడు ప్రతి ఇంటికీ మొదటి బకెట్టులోంచి గుప్పెడు పాత కంపోస్టు ఇవ్వండి. కొత్త డబ్బాలో వేసుకుంటే అందులోని సూక్ష్మజీవులతో పని త్వరగా మొదలవుతుంది. కంపెనీవాళ్ళ సంచి కంటే ఆ గుప్పెడు మట్టి మంచి కానుక.

కంపెనీ అన్నాను కదా, ఆ సంగతీ చూద్దాం. గుడ్డ సంచులు పంచడం చూడటానికి బాగుంటుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఒక లెక్క ఉంది. ఒకసారి వాడి పారేసే మామూలు ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, వాతావరణం వేడెక్కడానికి సంబంధించినంతవరకు, నూలు సంచి కనీసం 131 సార్లు వాడితే గానీ దాని ఖర్చు తీరదు. పత్తి పండించడానికి, నేయడానికి అంత పడుతుంది. ప్లాస్టిక్ సంచి మంచిదని దీని అర్థం కాదు, అది కాలవల్లో పడి చేసే హాని ఈ లెక్కలోకి రాదు. కానీ ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఇప్పటికే ఏడెనిమిది సంచులు వేలాడుతుంటే తొమ్మిదోది ఇచ్చి ఉద్ధరించేదేముంది? మొక్కలదీ అదే కథ. నీళ్ళు పోసే మనిషి, నాటే చోటు, వానల కాలం, ఈ మూడూ కుదిరితే ఇవ్వండి. లేకపోతే పదిరోజుల్లో ఎండే మొక్కను ప్లాస్టిక్ కవరులో పెట్టి పంచడమవుతుంది. ఇక రబ్బరు బుడగలు, పేరు ముద్రించిన టోపీలు, నిలువెత్తు ఫ్లెక్సీ ఇవన్నీ తెస్తామంటే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే. ఫ్లెక్సీ అంటే ప్లాస్టిక్కే కదా.

డబ్బు వద్దనమని చెప్పడం లేదు. ఏం కావాలో మీరు చెప్పండి. పెద్ద నీళ్ళ డ్రమ్ములు, కడగడానికి తొట్లు, నీడకు పందిరి, మరమ్మతుల బల్లకు వైర్లు, సూదులు, జిప్పు రన్నర్లు, గుండీలు, టంకం సామాను. వాళ్ళ పేరు పందిరి దగ్గర ఒక పాత గుడ్డ మీద పిల్లల చేత రాయించి కట్టండి. ఇందుకు ఒప్పుకుంటే మంచివాళ్ళు. ఒప్పుకోకపోతే వాళ్ళకు కావలసింది మీ మూడొందల మంది మొహాలు, వాళ్ళ పేరున్న సంచులతో ఒక ఫొటో. ఆ గుడ్డ మీద మీ కార్యక్రమం పేరు మాత్రం తేదీ లేకుండా రాయించండి, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

భోజనం దగ్గరికి వద్దాం. మీ పదకొండు సంచులూ పుట్టింది అక్కడే. కాగితం గ్లాసులు వాడితే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు. వాటిలో నీళ్ళు కారకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే మామూలు కాగితంతో కలిపి మళ్ళీ కాగితం చేయడం కష్టం. 'మట్టిలో కలిసిపోతుంది' అని రాసి ఉన్నవి తెద్దామని ఇంకొకరు అంటారు. పీఎల్ఏ అనే పదార్థంతో చేసినవి కలిసిపోవాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి నిలబడే పెద్ద కంపోస్టు యార్డు కావాలి. మీ బకెట్టులో వేస్తే నెలల తరబడి అలాగే మీ మొహం చూస్తూ ఉంటుంది. అందుకే కంచం, గ్లాసు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. తేనివాళ్ళ కోసం స్టీలువి యాభై అరువు తెచ్చి ఉంచండి. మూడు తొట్లు వరసగా పెట్టండి. మొదటిదానికి ముందే మిగిలినది తడి చెత్త డబ్బాలో దులపాలి, తర్వాత సబ్బునీళ్ళు, తర్వాత రెండుసార్లు మంచినీళ్ళు. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి, ముఖ్య అతిథితో సహా. ముఖ్య అతిథి కంచం కడుగుతుంటే పిల్లలు చుట్టూ మూగుతారు చూడండి, ఆయన ఇచ్చే ఉపన్యాసానికి రాని జనం అక్కడ చేరతారు.

డబ్బాల దగ్గర నాకు ఒకసారి బుద్ధొచ్చింది. ఇలాంటి రోజునే మేం చక్కగా మూడు రంగుల డబ్బాలు పెట్టి, పైన బొమ్మలు అంటించి, వెళ్ళి కూర్చున్నాం. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే మూడింట్లోనూ అన్నీ ఉన్నాయి. ఒక్కరు మొదట తప్పు వేస్తే, వెనకవాళ్ళు బొమ్మ చూడరు, లోపల ఏముందో చూసి వేస్తారు. ఆ సాయంత్రం చేతికి తొడుగు వేసుకుని ఆ డబ్బాలు నేనే ఏరాను. కాబట్టి డబ్బాల పక్కన మనిషి ఉండాలి. పదేళ్ళ పిల్లలైతే మరీ మంచిది. పెద్దవాళ్ళు తోటి పెద్దవాళ్ళ మాట వినరు గానీ, "అంకుల్, అది ఇందులో కాదు" అని పిల్లలంటే చచ్చినట్టు తీసి ఇంకోదాంట్లో వేస్తారు. గంటకొకసారి ఆ పిల్లల్ని మార్చండి, విసుగొస్తుంది పాపం.

పిల్లలన్నాను కాబట్టి, నినాదాల పోటీ ఈసారి మానేయండి. 'చెట్లను కాపాడండి' అని రాసిన పిల్లకు ఏ చెట్టుకూ చేసేదేమీ ఉండదు, బహుమతిగా ప్లాస్టిక్ పెన్సిలు డబ్బా వస్తుంది. వాళ్ళకు కొలిచే పని ఇవ్వండి, పిల్లలకు కొలవడమంటే ప్రాణం. కుళాయి సరిగ్గా కట్టకుండా సెకనుకు ఒక చుక్క పడేలా వదిలి, కింద కొలపాత్ర పెట్టి, పది నిమిషాలు లెక్కపెట్టమనండి. సుమారు 150 మిల్లీలీటర్లు వస్తుంది. రోజుకు ఎంతంటే దాన్ని 144తో గుణించాలి, 21 లీటర్లు దాటుతుంది. ఏడాదికెంతో వాళ్ళే లెక్కేసుకుని నోరు తెరుస్తారు. అక్కడ వాడే ఆ నీళ్ళు పారబోయకుండా కంచాలు కడిగే తొట్టిలోకి పంపండి, లేకపోతే మొదట అడిగేది పిల్లలే.

కరెంటు బిల్లు తెచ్చినవాళ్ళకు ఒక మూల కుర్చీలు వేయండి. బల్ల కూడా అక్కర్లేదు, లెక్కలు తెలిసిన కాలేజీ పిల్లలు ఇద్దరు చాలు. ఇక్కడ నేను కోరేదొకటే, చిన్నదాన్ని పెద్దదిగా చూపించొద్దు. ఫోను చార్జరు ప్లగ్గులో వదిలేయకండి అని ప్రతి సభలోనూ చెబుతారు. ఫోను తగిలించని మంచి చార్జరు 0.2 వాట్ లాగుతుందనుకుంటే, వారమంతా వదిలేసినా అయ్యేది 34 వాట్ గంటలు. 2,000 వాట్ల వాటర్ హీటరు ఒక్క నిమిషం నడిస్తే దాదాపు అంతే అవుతుంది. వారమంతా చార్జరు గురించి ఇంట్లో గొడవపడి, స్నానం దగ్గర ఒక్క నిమిషం హీటరు ఎక్కువ నడిపితే అంతా పోయినట్టే. తీయడం తప్పని కాదు, దాంతో పుణ్యం వచ్చేసిందనుకుని హీటరు సంగతి మర్చిపోవడం తప్పు. 60 వాట్ల పాత బల్బు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే దాని బదులు 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకు అయిదు గంటల చొప్పున ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. బిల్లు చూసి ఆ ఇంటికి పనికొచ్చే ఒక్క పని చీటీ మీద రాసి ఇవ్వమనండి. ఒక్కటే. పది రాస్తే చీటీ అక్కడే ఏదో ఒక డబ్బాలో పడుతుంది.

పాత బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త సేకరిస్తామని మాత్రం ఉత్సాహంగా ప్రకటించకండి. అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్ళు ఆ రోజు సాయంత్రమే వచ్చి తీసుకెళ్తామని రాసిచ్చాకే ఆ మాట ఎత్తండి. లేకపోతే రెండు వందల ఇళ్ళ పాత ఫోన్లకు మీరు కాపలా కాయాలి.

తేదీ అడిగారు. ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం, 1970 నుంచి జరుగుతోంది. జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం, 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు తర్వాత 1973లో మొదలైంది. రెండూ గొప్ప రోజులే, కానీ ఆ రోజుల్లో పని వచ్చినవాళ్ళందరినీ ఇంకెవరో ముందే పిలిచేసి ఉంటారు. మీరు బడి పరీక్షలైపోయి కొత్త తరగతులు మొదలయ్యే లోపు వచ్చే ఆదివారం చూసుకోండి. పాఠ్యపుస్తకాలు, పొట్టైన యూనిఫారాలు ఇళ్ళల్లో పేరుకుని ఉండేది అప్పుడే, వాటి అవసరం ఇంకో ఇంటికి పడేదీ అప్పుడే. పొద్దున మూడు నాలుగు గంటలు చాలు, రోజంతా పెడితే మీవాళ్ళు మధ్యాహ్నానికే కూలబడిపోతారు. ఉపన్యాసాలు? అయిదు నిమిషాలు, నిలబడి. మైకు వద్దు.

ఎంతమంది వచ్చారన్న లెక్కతో ఈసారి తృప్తి పడకండి. ఎన్ని వస్తువులు బాగయ్యాయి, ఎన్ని ఇళ్ళు గుప్పెడు కంపోస్టు తీసుకెళ్ళాయి, సాయంత్రానికి ఎన్ని సంచుల చెత్త తేలింది, ఈ మూడు అంకెలు బోర్డు మీద రాసి వారం రోజులు అందరికీ కనపడేలా ఉంచండి. పోయినేడాది పదకొండు అని పక్కనే రాయండి, దాచొద్దు. నెల తర్వాత కంపోస్టు తీసుకెళ్ళిన ఇళ్ళకు వెళ్ళి మూత తీసి చూడండి. సగం ఇళ్ళల్లో మానేసి ఉంటారు. ఎందుకు మానేశారో అడిగి వినండి, పాఠం చెప్పకండి. పురుగులు పట్టాయనో, ఎండుటాకులు దొరకలేదనో చెబుతారు. ఆకులు ఊడ్చే చోట ఒక గోనెసంచి వేలాడదీస్తే తీరిపోయే సమస్య అది. మీ ఇంట్లో కూడా ఏమీ మారలేదన్నారు కదా, ఇవాళ మొదలెట్టే బకెట్టును మీ వంటింట్లోనే పెట్టుకోండి. మూడు నెలల తర్వాత జనం అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ అందులోనే దొరుకుతాయి.

ఇంతకీ ఆ పెద్దాయన. పాత రేడియోలు బాగుచేస్తారని మీరు మాటవరసకు రాశారు గానీ, ఉత్తరమంతటిలో నా కళ్ళు ఆగింది అక్కడే. ఆయనతో ఉచితమా రుసుమా అని వాదన పెట్టుకోకండి. ఈ వారమే ఇంట్లో పాడైపోయిన వస్తువేదైనా పట్టుకుని వెళ్ళి, "ఇది విప్పి చూపిస్తారా, నేనూ నేర్చుకుంటాను" అని పక్కన కూర్చోండి. అది బాగయ్యాక మరమ్మతుల బల్ల సంగతీ, నోటుపుస్తకం సంగతీ కదపండి. డబ్బు ఎంత తీసుకోవాలని ఆయన అడుగుతారేమో చూడండి, నాకైతే అడగరనే అనిపిస్తోంది. బల్ల మాత్రం నీడలో, గేటుకు దగ్గరగా వేయించండి. టంకం కడ్డీ ఆయనకు ఉండే ఉంటుంది, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీరు చూసుకోండి.